వీసం నుంచి బిగ్‌డెసిమల్ దాకా
(సరూర్‌నగర్‌లో ఒక లెక్కల మాస్టారి సంస్మరణ సభలో చేసిన ప్రసంగం)



దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో కంప్యూటర్ భాష జావా నేర్చుకునే పిల్లలు మొదట్లోనే ఒకసారి ఉలిక్కిపడతారు. 0.1కి 0.2 కలిపితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. ఈ యంత్రానికి కూడికలు రావా అనిపిస్తుంది. వచ్చు. కాకపోతే దానికొచ్చింది వీసం లెక్క.

పాత తెలుగు లెక్కలో ఒకటిలో సగం అర, అరలో సగం పావు, పావులో పావు వీసం. నాలుగేసి వంతులుగా దిగిపోయే ఆ భిన్నాలకు విడిగా గుర్తులే ఉండేవి. 2008లో కంప్యూటర్ లిపుల ప్రమాణం యూనికోడ్ 5.1 వాటికి చోటిచ్చింది. రూపాయికి 16 అణాలు కనక అణా అంటే రూపాయిలో వీసమే. సున్నా, ఒకటి తప్ప మరో అంకె ఎరగని కంప్యూటర్‌కు ఆ పదహారో వంతు నాలుగు బిట్లలో కచ్చితంగా ఇమిడిపోతుంది. పదో వంతు మాత్రం ఎన్ని బిట్లిచ్చినా తెగదు.

1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చి రూపాయి నూరు ముక్కలైంది. అణాకు ఆరుంపావు రావాలి. మార్పిడి పట్టికలో ఆరే వేశారు. మూడణాలకు మాత్రం 19! హైదరాబాదీలకు ఈ తంటా కొత్త కాదు. 1950లో ఏడు హాలీ సిక్కా (నిజాం కాలపు హైదరాబాద్) రూపాయలకు ఆరు భారత రూపాయలని లెక్క కట్టారు. మరి ఒక్క హాలీ రూపాయి ఎంత? 0.857142857142... పదుల్లోనూ తెగదు, రెళ్లలోనూ తెగదు. 1959లో హాలీ చెల్లుబాటే పోయింది, లెక్క మిగిలింది.

పదో వంతును ఉజ్జాయింపుగా దాచుకుంటే ఏమవుతుందో గల్ఫ్ యుద్ధంలో, 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని ధహ్రాన్‌లో తెలిసింది. పేట్రియట్ క్షిపణి వ్యవస్థ గడియారం వంద గంటల్లో సెకనులో మూడో వంతు తప్పింది. శత్రు క్షిపణిని అడ్డుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు.

పదో వంతుకు ఆ ఉజ్జాయింపు అక్కర్లేని బిగ్‌డెసిమల్ అనే సంఖ్యారకం 1997లో జావా 1.1తో వచ్చింది. అది సంఖ్యను పదుల్లోనే దాస్తుంది: అంకెలు ఒక పక్క, బిందువు తర్వాత ఎన్ని స్థానాలో మరో పక్క. 2.0 అంటే 20, ఒక స్థానం. 2.00 అంటే 200, రెండు స్థానాలు. ఆరును ఏడుతో భాగించమని, ఎక్కడ ఆపాలో చెప్పకపోతే, జవాబివ్వకుండా ఎర్రర్ విసురుతుంది. హాలీ రూపాయి మార్చిన గుమాస్తాకు ఆ వెసులుబాటు లేదు పాపం.

అసలు తిరకాసు పోలికలో ఉంది. 2.0, 2.00 ఒకటేనా అని బిగ్‌డెసిమల్‌లోని ఈక్వల్స్ అనే మెథడ్‌ను అడిగితే కాదంటుంది. కంపేర్‌టు అనే మరో మెథడ్‌ను అడిగితే సున్నా ఇస్తుంది, అంటే సమానమని. ఆ రెంటినీ ఈక్వల్స్‌తో పోల్చే హ్యాష్‌సెట్‌లో వేస్తే రెండుగా, కంపేర్‌టుతో పోల్చే ట్రీసెట్‌లో వేస్తే ఒకటిగా తేలతాయి. ఈక్వల్స్‌ది మొండితనం అనలేం: కొలతల్లో 2.00 మీటర్లంటే సెంటీమీటరు దాకా కొలిచామని అర్థం. కిరాణా బిల్లులో మాత్రం ఆ పట్టింపు కొంప ముంచుతుంది. పైథాన్ భాషలోని డెసిమల్ రెంటినీ సమానమనే అంటుంది. నా ఓటు దానికే.

ఈ సభలో కోడు రాసేవాళ్లెవరైనా ఉంటే, ఇంటికెళ్లాక డబ్బు పోల్చిన చోటల్లా ఈక్వల్స్ ఉందేమో ఒకసారి వెతికి చూడండి.