వైద్య పరిశోధనకు ప్రభుత్వ ధనము – మన ఊళ్లు, మన భాష

(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయము విని కొందరు మిత్రులు చిరునవ్వు నవ్విరి. వైద్య పరిశోధనలకు ప్రభుత్వము ధనమెట్లు పంచునో, మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించిన వర్తకులకేమి తెలియునని వారి భావము కావచ్చును. వైద్యశాస్త్రము మాకు తెలియదు, నిజమే. కాని ధనము ఎవరికి ఇవ్వవలెను, ఏమి చూచి ఇవ్వవలెను అను ప్రశ్న వర్తకులకు క్రొత్తది కాదు. అదియును గాక, ఆ ధనముతో జరిగిన పరిశోధనలలో మిక్కిలి పెద్దదానికి రంగస్థలము మన తిరువళ్లూరు ప్రాంతమే.

1968వ సంవత్సరము జులై నెలలో, నాటి చెంగల్పట్టు జిల్లాకు చెందియున్న ఈ ప్రాంతమున, క్షయవ్యాధిని అడ్డుటకు బి.సి.జి. టీకా ఎంతవరకు పనికివచ్చునో తేల్చు పరీక్ష ఆరంభమైనది. భారత వైద్య పరిశోధనా మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య శాఖ దానికి పూనుకొన్నవి. 3,66,625 మంది పేర్లు నమోదైనవి. వారిలో 2,81,161 మందికి, కొందరికి టీకా, కొందరికి మందు లేని ఉత్త ద్రవము వేసిరి. ఎవరికి ఏది పడినదో వేసినవారికిని తెలియదు, వేయించుకొన్నవారికిని తెలియదు. పిమ్మట 15 సంవత్సరముల పాటు వారిని కనిపెట్టి, ఎక్స్‌రేలు తీసి, కఫము పరీక్షించి, లెక్కలు కట్టిరి. నాడు తల్లుల చంకలలో ఉండి సూది పొడిపించుకొన్న పసివాండ్రకు నేడు అరువది ఏండ్ల వయస్సు సమీపించినది.

ఫలితమేమి? పెద్దవారికి ఊపిరితిత్తుల క్షయ నుండి ఆ టీకా రక్షణ ఇవ్వలేదని తేలినది. పిల్లలకు కనిపించిన రక్షణ స్వల్పము, నూటికి 27 వంతులు మాత్రమే. పసిపిల్లలకు మెదడు పొరలకు సోకు క్షయ వంటి ఘోర రూపములను అడ్డును గనుక వారికి ఆ టీకా నేటికిని వేయుచున్నారు. అంత ధనము, అంత కాలము వ్యయమై “పనిచేయలేదు” అను సమాధానము వచ్చినచో అది నష్టమా? మా అంగడి లెక్కలో నష్టమే. పరిశోధన లెక్క వేరు. ప్రశ్న సరియైనదై, పరీక్ష నిజాయితీతో జరిగినచో, “లేదు” అనునదియు విలువ గల జవాబే. ధనమిచ్చువారు చూడవలసినది ముఖ్యముగా ఇదియే.

ఆ మండలి 1911లో ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్ అను పేర పుట్టి, 1949లో నేటి పేరు పొందినది. దానికి సొంత పరిశోధనాలయములు గలవు. మదరాసు చేట్‌పట్టులో 1956లో వెలసిన క్షయ చికిత్సా కేంద్రము అట్టిదే. రోగిని శానిటోరియములో ఉంచినను, ఇంటివద్దనే ఉంచి మందులిచ్చినను గుణము సమానమేయని 1959లో లోకమునకు చాటినది ఆ కేంద్రమే. పేదల ఇండ్లకు ఆ ఒక్క ఫలితము ఎంత మేలు చేసినదో చెప్పనలవి కాదు.

సొంత సంస్థలు గాక, బయటి కళాశాలల వైద్యులకును మండలి ధనమిచ్చును. మొదట దరఖాస్తులు కోరును. వచ్చినవానిలో అసంపూర్ణములైనవానిని, దేశావసరమునకు దూరమైనవానిని ఏరివేయును. మిగిలినవి ఆ శాస్త్రమెరిగిన బయటి నిపుణులకు పోవును. ప్రశ్న క్రొత్తదా, పద్ధతి సరియైనదా, ఎంతమందిని పరీక్షింతురు, అడిగిన ధనము తగినదా అని వారు తూకము వేసి అభిప్రాయము వ్రాయుదురు. పిదప నిపుణుల సంఘము కూర్చుండి చర్చించును. దరఖాస్తుదారుని సంస్థకు చెందిన సభ్యుడున్నచో, ఆ చర్చ సాగునంతసేపు ఆయన తప్పుకొనవలెను. మంజూరైన ధనము ఒక్కసారి చేతికి రాదు. వాయిదాలుగా వచ్చును, ఏటేట పనియొక్క నివేదికయు, ఖర్చు లెక్కయు చూపవలెను. అప్పు ఇచ్చునపుడు మనము మనిషిని, సరుకును, తీర్చు శక్తిని చూచినట్లే కదా! తేడా ఒక్కటే. ఇచట అసలు తిరిగి రాదు, తెలివిడి తిరిగి వచ్చును. ఈ పద్ధతిలోనూ లోపము లేకపోలేదు. పేరుపడిన సంస్థ నుండి వచ్చిన కాగితమునకు పెద్దపీట పడుట, జిల్లా కళాశాలలోని యువవైద్యుని కాగితము అడుగున ఉండిపోవుట సహజము. ఆ మాట అటుంచుదము.

మనకు ముఖ్యమైనది మరియొక మెట్టు. మనుష్యులపై జరుగు ఏ పరిశోధనయైనను సంస్థలోని నైతిక సంఘము సమ్మతి లేనిదే నడవరాదు. మండలి 2017లో వెలువరించిన నియమముల ప్రకారము, అందు 7 మొదలు 15 మంది వరకు సభ్యులుండవలెను. అధ్యక్షుడు ఆ సంస్థకు బయటివాడై ఉండవలెను. సగము మందియైనను బయటివారు కావలెను. వైద్యులతోపాటు న్యాయమెరిగినవారును, వైద్యవృత్తికి చెందని సామాన్య పౌరుడును ఉండవలెను. రోగికి ఇచ్చు వివరణ పత్రము అతనికి అర్థమగు భాషలో ఉండవలెను. చదువరానివానికి నిష్పాక్షికుడైన సాక్షి యెదుట చదివి వినిపించవలెను. ఇష్టము లేనిచో ఎప్పుడైనను తప్పుకొనవచ్చునని తెలుపవలెను.

ఈ నియమము మాట తప్పిననాడు ఏమగునో ఖమ్మము జిల్లా చూపినది. 2009లో అచట సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును అడ్డు టీకా వేసిరి. పాత్ అను విదేశీ సంస్థయు, ఈ మండలియు అందు భాగస్వాములు. 2010 ఏప్రిల్‌లో ఆ పని నిలిచిపోయినది. కొందరు బాలికలు మరణించిరి. ఆ మరణములు టీకావలన కలిగినవి కావని విచారణ సంఘము భావించినది. కాని తల్లిదండ్రులకు మారుగా వసతిగృహముల అధికారులే సమ్మతి పత్రములపై సంతకములు చేసిన సంగతి బయటపడినది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము పాత్ సంస్థను తీవ్రముగా తప్పుపట్టి, మండలిని సైతము విమర్శించినది. గిరిజన బాలికల తల్లి అంగీకారమును మరియొకరు వ్రాసి ఇచ్చుట ఎంత సులభమో చూడుడు.

ఇక మన సంగతి. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాను వీడి మదరాసు రాష్ట్రమున చేరినది. సరిహద్దు కదలినది గాని ఇంటిలోని మాట కదలలేదు. మన పిల్లలు తమిళము చదువుచున్నారు, చదువవలసినదే. తెలుగు మాటలాడు వారిలో తెలుగు అక్షరము చదువలేనివారు పెరుగుచున్నారు. ముసలివారిలో అనేకులకు తమిళ అక్షరము రాదు. కావున తెలుగు పత్రము అచ్చువేసిన చాలదు, తెలుగులో చదివి వినిపించు మనిషియు కావలెను. రేపు క్షయకో, మధుమేహమునకో క్రొత్త మందు పరీక్షించుటకు వైద్యులు వచ్చినపుడు, మన అవ్వ “సరే” అనుట అర్థమై అనునదా, మర్యాదకు అనునదా?

తిరువళ్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో ప్రారంభమైనది. అట్టి కళాశాలలు పరిశోధనకు పూనుకొన్నచో నైతిక సంఘము తప్పదు, అందు సామాన్య పౌరుని పీఠము తప్పదు. ఆ పీఠమునకు మనవారిలో ఇరు భాషలు బాగుగ వచ్చినవారు, నెలకొక పూట కాగితములు ఓపికతో చదువగలవారు సిద్ధముగా ఉన్నామని కళాశాల పెద్దలకు తెలియజేయుట మన సంఘము చేయదగిన పని. విశ్రాంత ఉపాధ్యాయులు దీనికి మిక్కిలి తగినవారు. స్త్రీలు ముందునకు రావలెనని మా ప్రత్యేక కోరిక. ప్రతి పరిశోధనలో తెలుగు వివరణ పత్రమును, తెలుగులో చదివి వినిపించు ఏర్పాటును కోరుచు ఒక విజ్ఞప్తి పత్రము తయారైనది. అది కార్యదర్శిగారి బల్లపై ఉన్నది. తమిళ ప్రతియు జతచేసితిమి. సంతకము చేయువారు ముందు దానిని సాంతము చదువుడు.