మరణమును నిర్ణయించు గడియ



ప్రాణమున్నదో లేదో తెలియుటకు మన పెద్దలు ముక్కు కడ దూది పట్టి చూచెడివారు. భారతములో యముడు సత్యవంతుని దేహమునుండి అంగుష్ఠమాత్రుడైన పురుషుని పాశముతో లాగికొని పోయెను. సావిత్రికి సందేహమునకు తావు లేకపోయెను. నేడు వెంటిలేటరు ఊపిరి నూదుచుండగా దూది కదలుచునే యుండును, గుండె కొట్టుకొనుచునే యుండును. అయినను లోపల మెదడు కాండము చచ్చియుండవచ్చును. ఇట్టివారిని పత్రికలు జీవన్మృతులని వ్రాయుచున్నవి. ఆ మాట తగదని నా యభిప్రాయము. జీవన్మృతుడనగా బ్రదికియు చచ్చినవానితో సమానుడు. ఇతడో, చచ్చియు బ్రదికినట్లు కానవచ్చువాడు.

1994 నాటి అవయవ మార్పిడి చట్టము ఈ స్థితిని మరణముగా నంగీకరించినది. నలుగురు వైద్యులు, కనీసము ఆరు గంటల యెడముతో రెండుమారులు పరీక్షింపవలెను. కంటిపాప వెలుగునకు చలించునా, యంత్రము తీసినచో ఊపిరి తనంతట వచ్చునా యని చూతురు. ఇంతవరకు బాగుగనే యున్నది.

లెక్కలు వ్రాయువాడను గనుక నా కన్ను మరియొక చట్టముపై బడినది. జనన మరణముల నమోదునకై 1969లో వచ్చిన చట్టము మరణమును నిర్వచించుచు మెదడు మాట యెత్తదు. అందువలన చిక్కు వచ్చినది. బంధువులు అవయవదానమునకు సమ్మతించినచో రోగి మృతుడు. సమ్మతింపనిచో అదే దేహము పెక్కుచోట్ల యంత్రముపై నుండును, బిల్లు పెరుగుచుండును. మరణము సంతకము మీద నాధారపడవచ్చునా? కేరళ ప్రభుత్వము 2020లో దానముతో నిమిత్తము లేకుండ మెదడు మరణమును ధ్రువీకరించు మార్గదర్శకముల నిచ్చినది. ఆ పద్ధతియే న్యాయమని తోచుచున్నది.

దానమును నేను కాదనుట లేదు. నిమ్సు కేంద్రముగా జీవన్‌దాన్ 2013 నుండి మన రాష్ట్రమున ననేకులను బ్రదికించినది. కాని దధీచి తన యెముకలను తానే యిచ్చెను, అడిగినది అతనినే. ఇచ్చట అడుగబడునది అడవి పల్లెనుండి పరుగెత్తి వచ్చిన తల్లి. ఆమెకు కోయభాష తప్ప రాకపోవచ్చును. చనిపోయెనను మాట ముందుగా, ఆమె భాషలో, చికిత్స చేసిన వైద్యుడే చెప్పవలెను. దానము మాట తరువాత, వేరొకరు, తొందరపెట్టక యెత్తవలెను. రెండును ఒక్క నోట వచ్చినచో అవయవములకొరకే చంపిరను శంక ఆ యింట తరతరములు నిలుచును.

మన తల్లాడ కూడలి మీదుగా ఖమ్మమునకు అంబులెన్సులు పోవుచునే యున్నవి. నా సమ్మతి నేను ఇంటివారికి చెప్పి, కాగితముపై వ్రాసి, పట్టాదారు పాసు పుస్తకములో నుంచితిని.