పేరు లేని మిషను కొనే ముందు

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు ప్రసంగం)

నేను చదివింది పదో తరగతే. అయినా మా సంఘంలో జరిగింది చెప్తే మీకు పనికొస్తుందని మాట్లాడుతున్నా.

మూతపడిన ఒక మిల్లులో పాత సామాను అమ్ముతున్నారంటే చూడను పోయినాం. మూలన ఒక ఇనుప మిషను ఉంది. పేరు లేదు, కాగితాలు లేవు. అమ్మే ఆయన పసుపు పాలిష్ మిషను అన్నాడు. మాలో కొందరు పిండిమర అన్నారు. మన దిక్కు పసుపు ఉంది కదా, లోను తీసుకొని కొందామన్నారు. కానీ మిషను తిరగకపోయినా కంతు ఆగదు, అందరం కట్టాల్సిందే. అందుకే అది ఏమి మిషనో తేలినాకే అడ్వాన్సు ఇవ్వాలని తీర్మానం రాసుకున్నాం.

మొదట కిరోసిన్ గుడ్డతో తుడిచి రేకు పట్టీ వెతికినాం. మిషనుది ఊడిపోయింది. మోటారుది ఉంది: 5 హెచ్‌పీ, 415 ఓల్టులు, 1440 ఆర్‌పీఎం. 415 అంటే త్రీఫేజు; ఇంటికి వచ్చే 230 కరెంటుతో నడవదు. ఇది తెలిసింది గానీ, మోటారును బట్టి మిషను పేరు చెప్పలేం. ఒకే మోటారు దేనికైనా బిగించొచ్చు. మిషను కడుపు చూడాల.

మూత విప్పించినాం. పసుపు పాలిష్‌కైతే తిరిగే పెద్ద డ్రమ్ము ఉండాల, లేదు. పిండిమరకైతే రాళ్లో ఇనుప బిళ్లలో ఉండాల, అవీ లేవు. తిరిగే ఇరుసుకు కడ్డీలు, దాని కింద అర్ధచంద్రంలా వంగిన జల్లెడ, పక్కన గాలి ఫ్యాను ఉన్నాయి. జల్లెడ రంధ్రాలు పొడుగ్గా, వేలి కొన పట్టేంత ఉన్నాయి. పిండికి అంత పెద్ద రంధ్రాలు ఎందుకు? పొట్టు ఎగరగొట్టే గాలి ఎందుకు? మూలలు గోకితే పప్పు మీది ఎర్రపొర రాలింది. మా పెద్దామె వెంటనే, "ఇది బుడ్డలు వలిచే మిషనే" అన్నది.

అంతటితో ఆగలేదు. ఒక మూట బుడ్డలు తీసుకపోయి ఆడించి చూసినాం. పప్పు బాగా ఇరిగింది. ఇరిగిన పప్పు విత్తనానికి పనికిరాదు, తొందరగా బూజు పడుతుంది, రేటు రాదు. మెకానిక్కు పులీలు కొలిచినాడు. మోటారుది 4 అంగుళాలు, మిషనుది 12. 1440ని 4తో గుణించి 12తో భాగిస్తే 480 చుట్లు. మోటారుకు 3 అంగుళాల పులీ వేస్తే 360. అట్ల తగ్గించి మళ్లీ ఆడిస్తే ఇరుగుడు తగ్గింది. అప్పుడు పసుపు మిషను రేటు కాకుండా, బుడ్డల పాత మిషను రేటుకు బేరమాడి కొన్నాం.

బెల్టుకు జాలీ కట్టించినాకే పని మొదలుపెట్టినాం. కొంగు గానీ జడ గానీ చిక్కితే మనిషినే లాగుతుంది.

అక్కలారా, ఏ పాత మిషనైనా ఈ వరసలో చూడండి: రేకు పట్టీ, కడుపు, మూలల్లో మిగిలిన గింజ, పొట్టు. ఆ తర్వాత మీ పంటతోనే ఆడించండి. ఆడించి చూపను ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేయండి. డబ్బు మన పొదుపుది.