ఉచిత కరెంటే అయినా మనం వినియోగదారులమే
(మండల రైతు సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మనం మాట్లాడుకోవలసిన విషయం కరెంటు. చార్జీల గురించి, సబ్సిడీ గురించి మనం చాలా సభల్లో మాట్లాడాం. ఈసారి సేవ గురించి మాట్లాడుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఎన్ని గంటల్లో మార్చాలి? మార్చే ఖర్చు ఎవరిది? మార్చకపోతే మనం ఎవరిని అడగాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలియకపోవడం వల్ల మనం ఏటా పంటలో కొంత, డబ్బులో కొంత పోగొట్టుకుంటున్నాం.

ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మన ఊళ్లలో ఏం జరుగుతుందో మీకు చెప్పనక్కర్లేదు. వరి పొట్ట మీద ఉంటుంది, లేకపోతే వేరుశనగ ఊడలు దిగే సమయం. సరిగ్గా అప్పుడే కాలుతుంది, ఎందుకంటే మోటార్లన్నీ ఒకేసారి నడిచేది అప్పుడే. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తాం. ఆయన ఏఈ గారికి చెప్పానంటాడు. ఏఈ గారు షెడ్డులో స్టాకు లేదంటారు. మూడో రోజుకు మనలోనే ఒకరు నోటుపుస్తకం పట్టుకొని బయల్దేరతారు. మోటారుకు ఇంత అని వసూలు మొదలవుతుంది. దించే మనుషులు మనవాళ్లే, ట్రాక్టరు మనదే, డీజిలు మనదే, మళ్లీ గద్దె మీదికి ఎక్కించేదీ మనమే. ఇచ్చిన డబ్బుకు రసీదు ఉండదు. పైగా ఫోన్‌లో చెప్పిన మాటే తప్ప ఫిర్యాదు ఎక్కడా నమోదు కాదు.

ఇందులో రెండు నష్టాలున్నాయి. ఒకటి, చేతి డబ్బు పోవడం. రెండోది ఇంకా పెద్దది. ఫిర్యాదు నమోదు కాలేదు కాబట్టి రికార్డు ప్రకారం మన ట్రాన్స్‌ఫార్మర్ ఆలస్యం కానే లేదు. మరమ్మతులు, నిర్వహణ ఖర్చులు డిస్కమ్‌లు ఏటా కమిషన్ ముందు పెట్టే లెక్కల్లో ఉంటాయి, చార్జీలు నిర్ణయించేటప్పుడు వాటిని కలుపుతారు. అంటే జనం ఒకసారి కట్టిన ఖర్చునే మనం ట్రాక్టరు రూపంలో రెండోసారి కడుతున్నాం.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. 2003 విద్యుత్ చట్టంలో 57వ సెక్షన్ ఉంది. పంపిణీ సంస్థ ఏ పని ఎంత సమయంలో చేయాలో నియంత్రణ కమిషన్ నిర్ణయించాలి, ఆ గడువు తప్పితే బాధపడిన వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి అని అది చెబుతుంది. దాని ప్రకారం ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ కమిషన్ 2004లోనే నిబంధనలు చేసింది. పల్లెల్లో తీగ తెగితే 24 గంటల్లో సరిచేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే 48 గంటల్లో మార్చాలి. పట్టణాల్లో అయితే ఇదే పనికి 24 గంటలే. గడువు దాటితే ఏ లోపానికి ఎంత పరిహారమో కూడా ఆ పట్టికలోనే రాశారు. మన బిల్లు మీద తూర్పు డిస్కమ్ పేరున్నా, దక్షిణ డిస్కమ్ పేరున్నా, మధ్య డిస్కమ్ పేరున్నా ఈ నిబంధనలే వర్తిస్తాయి.

ఈ మాట చెబితే వెంటనే ఒక ఎదురుమాట వస్తుంది. "మీకు కరెంటు ఉచితం కదా, ఇంకా పరిహారం అడుగుతారా?" అని. మనలోనూ కొందరు ఈ మాటకు తల వంచుకుంటారు. వంచుకోనక్కర్లేదు. అదే చట్టంలో 65వ సెక్షన్ చదవండి. ప్రభుత్వం ఏ వర్గానికైనా రాయితీ ఇవ్వదలిస్తే ఆ డబ్బు ముందుగా పంపిణీ సంస్థకు చెల్లించాలి. అంటే డిస్కమ్ మనకు ఊరికే ఏమీ ఇవ్వడం లేదు. మన తరఫున ప్రభుత్వం బిల్లు కడుతోంది. ప్రభుత్వం కట్టడం ఆలస్యమైతే అది ఆ ఇద్దరి మధ్య లెక్క. ఆ లెక్క తేలే వరకు మన పైరు ఎండాలని ఏ చట్టమూ చెప్పలేదు.

ఇంకో మాట. ఈ ఉచిత విద్యుత్తు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1999లో విద్యుత్ బోర్డును విడగొట్టారు, 2000లో డిస్కమ్‌లు పెట్టారు, ఆ వెంటనే చార్జీలు పెంచారు. ఆ పెంపు మీద రాష్ట్రమంతా కదిలింది. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు ప్రాణాలిచ్చారు. ఆ పోరాటం తరువాత 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది. ప్రాణాలిచ్చి తెచ్చుకున్నదాన్ని బిచ్చం అనుకుంటే వాళ్లను మనమే అవమానించినట్టు.

హక్కు గురించి ఇంత మాట్లాడాక మన పని గురించి కూడా మాట్లాడుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు కాలుతుంది? సుమారు లెక్కకు హెచ్‌పీకి ఒక కేవీఏ అనుకోండి. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద అయిదు హెచ్‌పీ మోటార్లు అయిదు నడుస్తాయి. దాని మీద ఎనిమిదో తొమ్మిదో ఉంటే అది కాలక ఏమవుతుంది? అదనపు ట్రాన్స్‌ఫార్మర్ వేయాల్సిన బాధ్యత సంస్థది. కానీ రాతపూర్వకంగా ఉన్న మోటార్లకే వాళ్లు లెక్క వేస్తారు. మూడు హెచ్‌పీ అని రాయించి అయిదు బిగిస్తే, కనెక్షన్ లేకుండా ఇంకోటి తగిలిస్తే మన లెక్క మనమే చెడగొట్టుకున్నట్టు. కెపాసిటర్ కూడా అంతే. అయిదు హెచ్‌పీ మోటారుకు రెండు కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే లైను మీద కరెంటు తగ్గుతుంది, వోల్టేజీ నిలబడుతుంది. ఆటోస్టార్టర్లు పెట్టుకుంటే కరెంటు వచ్చిన క్షణంలోనే మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి, ఆ దెబ్బ ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. ఇవి మన చేతిలో ఉన్న పనులు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రాణం. ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక కర్ర పట్టుకొని మనమే వెళుతున్నాం. ఏబీ స్విచ్ లాగాం కదా అనుకుంటాం. తుప్పుపట్టిన స్విచ్‌లో మూడు బ్లేడ్లలో ఒకటి విడిపోకుండా ఉండిపోతుంది. కింద నుంచి చూస్తే తెలియదు. ఎర్తింగ్ ఎండిపోయి ఉంటుంది. మన మండలాల్లో ఇలా పోయినవాళ్ల ఇళ్లకు మనమందరం వెళ్లి వచ్చినవాళ్లమే. ఒక తడి కోసం మనిషిని పోగొట్టుకోవద్దు. సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోకుండా ఆ గద్దె ఎక్కే పని లైన్‌మన్‌దే కాదు, మనది అసలే కాదు.

లైన్‌మన్ మీద కోపం పెంచుకోవడం కూడా సరికాదు. ఒక్క మనిషికి ఎన్నో ఊళ్లు అప్పజెప్పి, ఖాళీలు నింపకుండా, కాంట్రాక్టు మీద నడిపిస్తుంటే అతను మాత్రం ఏం చేస్తాడు? విద్యుత్ కార్మికుల డిమాండూ మన డిమాండూ ఇక్కడ ఒకటే: పోస్టులు నింపాలి, షెడ్లలో స్టాకు ఉంచాలి.

అందుకని ఈ సభ నుంచి నాలుగు పనులు మొదలుపెడదాం.

ఒకటి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిన రోజే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. దానితో పాటు సెక్షన్ ఆఫీసులో కాగితం ఇచ్చి తేదీ, సమయం వేయించి నకలు మీద సంతకం తీసుకోవాలి. ఆ సమయం నుంచే మన 48 గంటల లెక్క.

రెండు, చందాల నోటుపుస్తకం మూసేయాలి. రవాణా మీ పని, మీరే చేయండి అని చెప్పాలి. ఒక్క రైతు చెబితే వినరు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నవాళ్లందరూ, పక్క ఊరి సంఘం వాళ్లూ కలిసి వెళ్లి చెబితే వింటారు. పైరు ఎండుతుంటే ఆగడం కష్టమని మాకు తెలుసు. అందుకే మొదటి రోజే సంఘానికి కబురు చేయండి, నాలుగో రోజు కాదు.

మూడు, గడువు దాటితే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు రాయాలి. ప్రతి డిస్కమ్‌కూ ఈ వేదిక ఉండాలని చట్టమే చెప్పింది. వకీలు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. సర్వీసు నంబరు, ఫిర్యాదు నంబరు, తేదీలు రాస్తే సరిపోతుంది. 2020లో కేంద్రం తెచ్చిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు తేల్చడానికి గరిష్ఠ గడువు 45 రోజులు. అక్కడ న్యాయం జరగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు. పరిహారం చిన్న మొత్తమే కావచ్చు. కానీ అది ఇచ్చారంటే ఆలస్యం జరిగిందని ఒప్పుకున్నట్టే, అది రికార్డులోకి ఎక్కినట్టే.

నాలుగు, డిస్కమ్‌ల లెక్కల మీద కమిషన్ ఏటా బహిరంగ విచారణ జరుపుతుంది. అక్కడ ఎవరైనా అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు, మాట్లాడవచ్చు. ఈ ఏడాది ప్రతి గ్రామ శాఖా ఒక జాబితా తయారు చేయాలి: ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడు కాలింది, ఎప్పుడు మార్చారు, రైతుల చేతి నుంచి ఎంత పోయింది, ఎక్కడ తీగలు చేతికి అందేలా వేళ్లాడుతున్నాయి. మనం నోటితో చెప్పే గోడును ఆవేశం అంటారు. తేదీలతో జాబితా పెడితే దానికి సంస్థ జవాబు చెప్పి తీరాలి.

జాబితా ఫారాలు బయట బల్ల మీద ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఊరికొకటి తీసుకెళ్లండి. వచ్చే నెల సమావేశానికి నింపి తీసుకురండి.