ఊళ్లో ఇల్లు కట్టేముందు ఎండ లెక్క చూసుకోండి

(ఆదివారం సభలో మన సూపర్‌వైజర్ అన్న మాట్లాడింది. డ్యూటీ ఉండి రాలేకపోయిన వాళ్ల కోసం రాసి పంపిస్తున్నాం. ఊళ్లో ఇల్లు మొదలుపెట్టే వాళ్లకు తప్పకుండా ఫార్వర్డ్ చేయండి.)



నేను చదివింది పదో తరగతి. మాల్ కలపడం నుంచి మొదలుపెట్టి ఈ పనిలోనే పెరిగినోణ్ణి. కాబట్టి ఇంజినీరు భాష నాకు రాదు. సైటు మీద చూసింది, చేతితో చేసింది చెప్తా.

మనం ఈ దేశం వచ్చింది దేనికి? అప్పు తీర్చాలి, బిడ్డ పెళ్లి చెయ్యాలి, ఇల్లు కట్టుకోవాలి. మొదటి రెండింటి గురించి మన సభలో చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ ఇంటి గురించి మాట్లాడుకుందాం.

ఇక్కడ మనం కట్టే బిల్డింగులు ఒకసారి గుర్తు చేసుకోండి. అబుదాబిలో 2010 నుంచి, దుబాయ్‌లో 2014 నుంచి కొత్త బిల్డింగు ఏదైనా గ్రీన్ బిల్డింగ్ రూల్ ప్రకారమే కట్టాలి. అందుకే స్లాబు పోసి వదిలెయ్యం. స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్, దాని మీద రెండు మూడు ఇంచుల ఫోం బోర్డు, దాని మీద బట్ట, ఆపైన స్క్రీడ్ లేదా టైల్ వేస్తాం. బయటి గోడకు మధ్యలో థర్మాకోల్ ఉన్న థర్మల్ బ్లాక్ పెడతాం. కిటికీకి రెండు అద్దాలు. ఫ్రేము చుట్టూ సందు లేకుండా సీలెంట్. ఇదంతా అందం కోసం కాదు. బయటి వేడి లోపలికి రాకుంటే ఏసీ తక్కువ తిరుగుతది, కరెంటు బిల్లు తగ్గుతది. అంతే.

ఈ పని చేసేది ఎవరు? మనమే. ఎండలో నిలబడి ఇంకొకరి ఇంటిని చల్లగా చేసేది మన చేతులే. కానీ మన ఊళ్లో మన ఇల్లు కట్టేటప్పుడు ఏం చేస్తున్నాం? ఫోన్‌లో ఎలివేషన్ ఫొటో చూసి, "గిట్లనే కావాలె" అని మేస్త్రికి పంపిస్తున్నాం. ముందర నల్ల గ్రానైటు, పడమర దిక్కు పెద్ద అద్దం, పైన ఉత్త స్లాబు.

జగిత్యాల దిక్కు మనోడు ఒకాయన అట్లనే కట్టించిండు. ఐదేళ్ల కష్టం ఆ ఇంట్లో పెట్టిండు. ఇప్పుడు ఎండకాలం మధ్యాహ్నమైతే అమ్మానాన్న ఆ ఇంట్లో ఉండలేక వెనక ఉన్న పాత గూనపెంకుల ఇంట్లో పండుకుంటున్నరు. కొత్త ఇల్లు చుట్టాలకు చూపించడానికే మిగిలింది. ఆయన ఫోన్లో నాతో ఈ మాట చెప్తుంటే గొంతు పూడుకుపోయింది. మనం ఇక్కడే ఉంటాం, ఆ ఇంట్లో ఉండేది పెద్దోళ్లు, పిల్లలు. వాళ్లకు పనికొచ్చేటట్టు కట్టాలె కదా.

పాత ఇల్లు ఎందుకు చల్లగుంటది? మట్టి గోడ మందం ఎక్కువ, పెంకుల సందుల్లోంచి వేడి పైకి పోతది. స్లాబు అట్ల కాదు. పొద్దంతా ఎండను తాగి, రాత్రి పది గంటలకు మన మీద కక్కుతది. ఫ్యాన్ తిప్పితే వేడి గాలి వచ్చేది అందుకే. ఇంక వరుసగా ఏం చెయ్యాలో చెప్తా.

1. ముందు పైకప్పు.
మన దగ్గర ఎండకాలంలో సూర్యుడు దాదాపు నెత్తి మీదనే ఉంటడు. కాబట్టి అన్నిటికన్నా ఎక్కువ వేడి స్లాబు నుంచే దిగుతది. పైసలు తక్కువున్నోళ్లు స్లాబు బాగా కడిగి, ఆరినంక, సున్నంలో కొంచెం ఫెవికాల్ కలిపి రెండు మూడు కోట్లు కొట్టండి. పని సాయంత్రం పూట చెయ్యండి. వానలు పడితే పోతది, అందుకే ఏటా ఎండకాలం ముందు మళ్లీ కొట్టాలె. కొంచెం పెట్టగలిగితే కూల్ రూఫ్ పెయింట్ గానీ, తెల్ల టైల్స్ ముక్కలు గానీ వెయ్యండి, చాలా ఏండ్లు ఉంటది. లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గినా పండుకునేటోళ్లకు తెలుస్తది. తెలంగాణ ప్రభుత్వం కూడా 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 600 గజాలు, ఆపైన జాగాలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి. మన ఇళ్లు అంత పెద్దవి కావు, అయినా లాభం మనకూ అంతే.

స్లాబు మీద రేకుల షెడ్డు వేసుకునే అలవాటు మన ఊళ్లలో ఉంది. అది మంచిదే, స్లాబుకు నీడ. కానీ నాలుగు దిక్కులా గాలి ఆడాలె, గాలివానకు లేచిపోకుండా పైపులు గట్టిగా బిగించాలె.

2. గోడలు, దిక్కులు.
ఖర్చు తగ్గుతదని బయటి గోడ కూడా నాలుగున్నర ఇంచులే పెట్టిస్తున్నరు. వద్దు. బయటి గోడ తొమ్మిదించులు పెట్టండి. లేదంటే ఎనిమిదించుల ఏఏసీ బ్లాక్ పెట్టండి. అది ఇటుక బరువులో మూడో వంతే ఉంటది, వేడిని బాగా ఆపుతది. కానీ మేస్త్రికి ఆ పని తెలిసి ఉండాలె. మామూలు మాల్ కాకుండా దాని గమ్ము వాడాలె, పిల్లరు కలిసే చోట జాలి వేసి ప్లాస్టరింగ్ చెయ్యాలె, లేకుంటే పగులు వస్తది. బేస్‌మెంట్ కింద అది వాడొద్దు, తేమ పట్టుద్ది. ఫ్లై యాష్ ఇటుక గట్టిగా, సమంగా ఉంటది, ప్లాస్టరింగ్ ఆదా. కానీ చల్లదనంలో ఎర్ర ఇటుకకు దానికి పెద్ద తేడా లేదు. అమ్మేటోడు ఏదన్నా చెప్తడు, మీరు తెలుసుకొని కొనండి.

పడమర ఎండ అన్నిటికన్నా మొండిది. సాయంత్రం కిందికి వాలి వస్తది కాబట్టి సజ్జ దాన్ని ఆపదు. ఆ దిక్కు పడకగది, పెద్ద కిటికీ పెట్టొద్దు. మెట్లు, బాత్రూం, సామాన్ల రూం పెట్టుకోండి. మెట్లు పడమర, దక్షిణం దిక్కు ఉండాలని వాస్తు చెప్పేటోళ్లు కూడా అంటరు, కాబట్టి ఇంట్లో గొడవ ఉండదు. గోడకు పది, పదిహేను అడుగుల దూరంలో వేప గానీ కానుగ గానీ పెట్టండి. ఐదారేండ్లలో అదే మీ ఏసీ.

3. కిటికీలు.
గాలి రావడానికి ఒక కిటికీ సరిపోదు, పోవడానికి ఎదురుగా ఇంకొకటి ఉండాలె. స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటది. రెక్కల కిటికీ మొత్తం తెరుచుకుంటది. దోమల జాలి పెట్టించండి, లేకుంటే భయపడి రాత్రి మూసేస్తరు, పెట్టిన లాభం పోతది. దక్షిణం కిటికీ పైన రెండడుగుల సజ్జ ఉండాలె.

4. కరెంటు లెక్క.
తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద రేషన్ కార్డు ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం మనమే కట్టాలె. ఆంధ్ర అన్నలకూ యూనిట్లు పెరిగినకొద్దీ యూనిటు రేటు పెరుగుద్ది.

ఇప్పుడు లెక్క చూడండి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు సుమారు 34 యూనిట్లు. మూడు ఫ్యాన్లకు 100. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు, మూడు ఫ్యాన్లకు నెలకు 40 యూనిట్లే. అంటే 60 యూనిట్లు అక్కడే మిగిలినయ్. అదే ఏసీ అయితే? టన్నున్నర ఏసీ కంప్రెసర్ ఆగకుండా నడిస్తే గంటకు సుమారు యూనిటున్నర. ఎనిమిది గంటలకు 12, నెలకు 360. స్లాబు కాలిపోతుంటే కంప్రెసర్ ఆగదు. అందుకే ఏసీ కొనేముందు స్లాబుకు సున్నం కొట్టమంటున్నా.

బిల్లు ఎట్లాగూ జీరో వచ్చే ఇంటికి సోలార్ కోసం అప్పు చెయ్యొద్దు. బిల్లు ఎక్కువొచ్చే వాళ్లయితే చూడండి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఒక కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తది. సబ్సిడీ బిగించినంక ఖాతాలో పడుద్ది. ముందుగానే ఇప్పిస్తానని కమీషన్ అడిగేటోణ్ణి నమ్మొద్దు.

5. ఇక్కడి నుంచి పని చూసుకోవడం.
మేస్త్రితో మాట్లాడేటప్పుడే ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి: బయటి గోడ మందం, స్లాబు మీద ఏం వేస్తడు, కిటికీ ఏ దిక్కు, సజ్జ ఎంత. నోటి మాటకు తర్వాత సాక్షి ఉండదు. ప్రతి బిల్లుకు ముందు వీడియో కాల్‌లో టేపు పెట్టి కొలిచి చూపించమనండి. మనం సైటు మీద రోజూ చేసే చెకింగే అది. ఊరి ఇంటికి సిగ్గుపడొద్దు.

ఇప్పటికే ఇల్లు కట్టుకున్న అన్నలు బాధపడొద్దు. స్లాబుకు తెలుపు, పడమర కిటికీకి బయట నుంచి తడక గానీ వెదురు చాప గానీ, ఫ్యాన్లు మార్చడం, ఒక చెట్టు. ఈ నాలుగూ ఎప్పుడైనా చెయ్యొచ్చు. పరదా లోపల వేస్తే వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటది. బయట ఆపాలె.

చివరి మాట. గ్రానైటు తర్వాత వేసుకోవచ్చు. గోడ మందం, కిటికీ దిక్కు తర్వాత మార్చలేం. ఉన్న పైసలు ముందు మార్చలేని వాటి మీద పెట్టండి. ప్లాన్ గీయించుకున్న వాళ్లు గ్రూపులో ఫొటో పెట్టండి. వచ్చే ఆదివారం మన దగ్గరున్న మేస్త్రీలం, సూపర్‌వైజర్లం కూర్చొని చూస్తాం. పైసా ఖర్చు లేదు.

అందరూ జాగ్రత్త. ఎండలో నీళ్లు తాగడం మరువకండి. నమస్తే.