కాలం మారినా మారని దేవుడు
తెలుగు క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి గారి స్మరణలో కొత్తవలసలో చేసిన ప్రసంగం



చౌదరి గారి కీర్తనల రాగతాళాల గురించి చెప్పగల పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. నేను మాత్రం ఆయన ఎవరిని నమ్ముకుని పాడారో ఆ దేవుని గురించి మాట్లాడతాను. రేపు ఏమవుతుందో తెలియనప్పుడు ఎవరిని పట్టుకుని నిలబడాలి? ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళలో ఇప్పుడు వినిపిస్తున్న ప్రశ్న ఇది.

2023 అక్టోబరు 29 ఆదివారం. పొద్దున మనం ఆరాధనకు వెళ్ళి వచ్చాం. చీకటి పడ్డాక కంటకాపల్లి, ఆలమండ స్టేషన్ల మధ్య విశాఖ–పలాస ప్యాసింజరును వెనక నుంచి విశాఖ–రాయగడ ప్యాసింజరు ఢీకొంది. 14 మంది తిరిగి ఇంటికి వెళ్ళలేదు. రోజూ కూలికి, చదువుకు, ఆసుపత్రికి మనమందరం ఎక్కే బళ్ళు అవి. అంతకుముందు 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చింది. 2018లో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. 2021లో విశాఖ ఉక్కు కర్మాగారాన్ని ప్రైవేటుకు ఇస్తారన్న వార్త వచ్చిన నాటి నుంచి దాని మీద ఆధారపడ్డ ఇళ్ళలో గుబులు మొదలైంది. జూట్ మిల్లు గేటుకు లాకౌట్ నోటీసు అంటించడం ఎలా ఉంటుందో ఈ జిల్లా కార్మికులకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇలాంటి వేళల్లో ‘దేవుడు మారడు’ అని ఒకరికొకరం చెప్పుకుంటాం. ఆ మాట నిజం. కానీ దాని వెనకే మరో మాట చప్పుడు లేకుండా వచ్చి చేరుతుంది. దేవుడు మారడు కాబట్టి మన ఉద్యోగమూ ఆరోగ్యమూ పోవని, నిజంగా నమ్మినవాడి ఇంటికి కష్టం రాదని. ఇది లేఖనం చెప్పే మాట కాదు. కష్టంలో ఉన్న ఇంటికి వెళ్ళి ‘మీ విశ్వాసం చాలలేదు’ అనడం వాళ్ళ గాయం మీద మరో దెబ్బ కొట్టడమే. యోబును చూడడానికి వచ్చిన స్నేహితులు మొదట ఏడు రోజులు మౌనంగా కూర్చున్నారు, అంతవరకు బాగానే ఉంది. నోరు విప్పాకే తప్పు చేశారు.

మరి దేవుడు మారడంటే ఏమిటి? మలాకీ మూడో అధ్యాయం ఆరో వచనం తీసి చూడండి. యాకోబు సంతతి నశించిపోకుండా ఉండడానికి కారణం దేవుడు మారకపోవడమేనని ప్రవక్త చెబుతాడు. వాళ్ళు మాట తప్పారు, ఆయన తప్పలేదు. మారనిది ఆయన దయ, ఆయన చేసిన నిబంధన. విలాపవాక్యముల గ్రంథం యెరూషలేము కూలిపోయాక పుట్టింది. ఆలయం కాలిపోయింది, పిల్లలు వీధుల్లో ఆకలితో సొమ్మసిల్లుతున్నారు. ఆ శోకం మధ్య, మూడో అధ్యాయంలో, దేవుని కనికరం ఇంకా ముగిసిపోలేదని ఆ గ్రంథం రాసిన భక్తుడు ఒప్పుకుంటాడు. కూలిన గోడలు ఆ పూటకు లేవలేదు. అయినా ఆ ఒప్పుకోలు అబద్ధం కాలేదు.

క్రీస్తు ఎన్నడూ మారడని చెప్పే హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం ఎనిమిదో వచనం మన ఇళ్ళ గోడల మీద ఉంటుంది. దానికి ముందున్న ఏడో వచనాన్ని కూడా కలిపి చదవమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. మీకు వాక్యం బోధించి వెళ్ళిపోయిన పెద్దలను తలుచుకోండి, వాళ్ళ జీవితం ఎలా ముగిసిందో గమనించి వాళ్ళలా నమ్మండి అంటుంది ఆ వచనం. అంటే పెద్దలను పోగొట్టుకున్న సంఘంతో చెప్పిన మాట ఇది. బోధించినవారు పోయారు, వారు బోధించిన క్రీస్తు ఉన్నాడు.

మన ఉత్తరాంధ్ర సంఘచరిత్ర ఈ రెండు వచనాలకు సాక్ష్యం. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తలను అనువదించడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్ కన్నుమూశారు. మరుసటి ఏడు డెస్ గ్రాంజెస్ కూడా పోయారు. అక్కడితో పని ఆగిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. కానీ 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చుప్రతిని చేత్తో పట్టుకునే భాగ్యం ఆ ఇద్దరికీ దక్కలేదు. మరో మిషనరీ ప్రిచెట్ ఆ పని అందుకున్నారు. 1818లో ఆయన అనువదించిన కొత్త నిబంధన మద్రాసులో వెలువడింది. రెండేళ్ళకు ఆయనా వెళ్ళిపోయారు. సంపూర్ణ బైబిలు తెలుగువారి చేతికి రావడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు, ఎందరి శ్రమో పట్టింది. ఒకరు విత్తారు, మరొకరు కోశారు. పొలం యజమాని మాత్రం మారలేదు.

చౌదరి గారు 1803లో పర్లాకిమిడి సీమలో వైష్ణవ భక్తి గల బెంగాలీ కుటుంబంలో పుట్టారు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటి రోజులు ఎలాంటివో చూడండి. 1832లో మద్రాసు ప్రభుత్వం జార్జ్ రస్సెల్‌ను ప్రత్యేక కమిషనరుగా పంపింది. పర్లాకిమిడి, పాలకొండ ప్రాంతాల్లో తిరుగుబాట్లను అణచడానికి సైన్యం దిగింది. పాలకొండ జమీందారీ చేజారింది. తరతరాలుగా స్థిరమనుకున్న ఏలుబడులు కళ్ళెదుటే కూలుతున్న కాలంలో ఆయన క్రీస్తు చేయి పట్టుకున్నారు. అటు తరువాత 1866 నాటి గంజాం కరువు వచ్చింది, 1876–78 నాటి ధాత కరువు వచ్చింది. అంతకుముందే కంపెనీ పోయి రాణి పాలన వచ్చింది. 1890లో తుదిశ్వాస విడిచేదాకా ఆయన క్రీస్తునే నమ్ముకున్నారు. ఆయన రచనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చేరి, అక్షరం రాని అవ్వల నోట కూడా నిలిచాయి. కలిగిన రోజూ లేని రోజూ పాడుకోదగ్గవి కావడం వల్లనే అవి నిలిచాయని నేను నమ్ముతాను.

ఇక మన వంతు ఏమిటి? హెబ్రీ పత్రిక దాన్ని మన ఊహకు వదలలేదు. అదే అధ్యాయం మొదటి వచనాల్లో సోదరప్రేమ, అతిథిని ఆదరించడం, చెరలో ఉన్నవారిని తలుచుకోవడం, ధనాశ లేకుండా ఉన్నదానితో తృప్తిపడడం ఉన్నాయి. దేవుడు నన్ను విడిచిపెట్టడన్న ధైర్యం ఉన్నవాడే తన మూట విప్పి పక్కవాడికి పెట్టగలడు. ఆ ధైర్యం లేనివాడు రేపటి భయంతో ఇవాళ్టి అన్నం కూడా దాచుకుంటాడు. మన విశ్వాసాన్ని కొలవాలంటే మన తలుపు దగ్గర కొలవాలి.

కాబట్టి సంఘ పెద్దలకు నాదొక మనవి. కానుకల్లో కొంత పక్కన పెట్టి, పని పోయిన ఇంటికి నెల సరుకులు పంపండి, ఆ ఇల్లు ఏ మతానిదైనా సరే. అప్పుల యాప్‌ల బెదిరింపులకు కుంగిపోతున్న కుర్రవాడిని ఒంటరిగా వదలకండి. మీలో ఒకరు వెంట ఉండి పోలీసు స్టేషనుకు తీసుకువెళ్ళండి. చెన్నైకీ హైదరాబాదుకూ వలసపోయినవాళ్ళ తల్లిదండ్రులను వారానికోసారి పలకరించండి. కాపరులారా, ప్రభువు ఇవ్వని హామీలు ఆయన పేరిట ఇవ్వకండి. ఆయన ఇచ్చింది తన సహవాసం. దాన్ని పూర్తిగా ప్రకటించండి. యువతీ యువకులారా, ఉద్యోగ నోటిఫికేషన్ వాయిదా పడినంత మాత్రాన మీ జీవితం వాయిదా పడలేదు. ఈ రోజు చదవాల్సింది చదవండి, చేయాల్సిన మేలు చేయండి.

క్రాన్, డెస్ గ్రాంజెస్ పని ముగింపు చూడలేదు, అయినా చేశారు. చౌదరి గారు తమ కాలం ఎటుపోతుందో తెలియకుండానే పాడారు. వాళ్ళు నమ్మిన దేవుడే మన దేవుడు. ఆయనను నమ్మి, రేపు ఉదయమే మన పక్కింటి కష్టం దగ్గరికి వెళదాం. ఆమేన్.