టెంకల బుట్ట కింద పొయ్యి

నాకిచ్చింది పది నిమిషాలు. హాస్టల్లో గంట కొట్టించేది నేనే కాబట్టి సమయం దాటను.

మా బాలికల హాస్టల్ సీతంపేట కొండల్లో ఉంది. నిరుడు వానాకాలంలో ఒక ఆదివారం పిల్లలకి కాగితాలిచ్చి, "మీ ఇంట్లో తినేది గీయండి" అన్నాను. ఇడ్లీలు గీశారు, నూడుల్స్ గీశారు. ఒకమ్మాయి కేకూ, దాని మీద కొవ్వొత్తీ గీసింది. ఆ పిల్ల ఊరు నాకు తెలుసు. ఆ నెలలో అక్కడ పొయ్యి మీద ఉండేది చోడి అంబలి, అదీ లేకపోతే మామిడి టెంకల అంబలి.

కోప్పడలేదు. ఏడో తరగతిలో మాస్టారొకరు పొద్దున్నేం తిన్నావని అడిగితే నేను టెంకల అంబలి అన్నాను. క్లాసంతా నవ్వింది, ఆయనా నవ్వారు. ఆ తర్వాత ఎవరడిగినా అన్నం, పప్పు అనే చెప్పాను. టీచర్ ట్రైనింగ్‌లో సమతులాహారం పాఠం చెప్పినప్పుడు కూడా చోడి పేరు ఎత్తలేదు.

తర్వాతి ఆదివారం తల్లుల్నీ అవ్వల్నీ పిలిచాం. వరండా గోడకి ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండి కలిపాం. ఒక అవ్వ ముందే తేల్చేసింది: "ఇది ఎడిసింగ్ కాదమ్మా. అది ఇంట్లో దేవుడికి రాసేది. ఇక్కడ ఉట్టి బొమ్మలే." ఆ మాట నాకు నచ్చింది. మన బొమ్మలు సంచుల మీదికీ చీరల మీదికీ ఎక్కుతున్న రోజుల్లో, ఏది ఎక్కడ గీయకూడదో చెప్పే మనిషి కావాలి.

పిల్లలు చోడి వెన్నులు, పనసకాయ, పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు గీశారు. టెంక గీసిన పిల్ల దగ్గర అవ్వ ఆగి, "పొయ్యేదీ?" అంది. పుల్ల తీసుకుని టెంకల బుట్ట, దాని కింద పొయ్యి, పొగ గీసింది. పక్కన మూడు నీళ్ల కుండలు. ఎండిన టెంకలకి వానల్లో చెమ్మ తగలకూడదు. లోపలి జీడి దంచి, వగరు పోయేదాకా నీళ్లు మార్చాలి. బూజు కనిపిస్తే ఎంత ఆకలైనా పారెయ్యాలి.

2001లో మన పక్క రాయగడ జిల్లా కాశీపూర్‌లో, 2024లో కంధమాల్‌లో టెంకల అంబలి తాగినవాళ్లు చనిపోయారు. కాశీపూర్‌లో చంపింది టెంకా, ఆకలా అని చాలా వాదించుకున్నారు. ఇంట్లో గింజలుంటే బూజు పట్టిన టెంక ఎవరు వండుకుంటారు? అందుకే "అడవి తిండంతా అమృతం" అని స్టేటస్ పెట్టే తమ్ముళ్లతో నాకు పేచీ. వెదురు కొమ్ములూ అంతే, ఉడికించి ఆ నీళ్లు పారబోయకపోతే విషం.

ఆ మధ్యాహ్నం అడ్డాకుల విస్తళ్లలో సామన్నం, కందిపప్పు, వెదురు కొమ్ముల కూర అందరం కలిసి తిన్నాం. కేకు గీసిన పిల్ల రెండోసారి కూర అడిగింది. టెంకల అంబలి మాత్రం లేదు. తెచ్చిన జీడిలో రెండు నల్లగా కనిపించాయని అవ్వ మొత్తం పారబోయించింది. పిల్లలకంటే నాకే ఎక్కువ బాధేసింది, దాని రుచి చూసి ముప్పై ఏళ్లు దాటింది మరి.

ఈ సెలవుల్లో మీ అవ్వని ఏం వండుతావని కాదు, ఏది పారేస్తావని అడగండి. ఫోన్లో రికార్డు చేయండి. మా గోడ ఇంకా సగం ఖాళీగానే ఉంది. చేదు దుంపల్ని కోసి, ఏటినీళ్లలో ఉంచి చేదు తీయడం తెలిసినవాళ్ల కోసం వెతుకుతున్నాం. మీ ఊళ్లో ఎవరైనా ఉంటే, భోజనాల దగ్గర నన్ను కలవండి.